బాడీ లోషన్, సున్నిపిండి, అత్తరు రోల్-ఆన్: వాసన దినుసుల అలర్జీని లెక్కగా ఎలా చూడాలి?

సబ్బుల_గది (కూకట్‌పల్లి)

అందరికీ నమస్కారం. చిన్న యూనిట్, మూడు రకాల సరుకు: గులాబీ వాసన బాడీ లోషన్, సున్నిపిండి, 10 మిల్లీలీటర్ల అత్తరు రోల్-ఆన్. లోషన్ కిలో బ్యాచ్‌కి 8 గ్రాముల గులాబీ కాంపౌండ్ (కలిపి అమ్మే వాసన మిశ్రమం), 2 గ్రాముల లావెండర్ నూనె పడుతుంది. కాంపౌండ్‌తో పాటు వచ్చిన అలర్జెన్ పత్రంలో ఇలా ఉంది: లినాలూల్ 12 శాతం, సిట్రోనెల్లోల్ 9, జెరేనియోల్ 5, యూజెనాల్ 0.4, కౌమరిన్ 0.1.

తెలిసినవాళ్లు ఈ నాలుగింటికి జవాబు చెప్పగలరా?

లేబుల్ మీద "పర్ఫ్యూమ్" అని ఒక్క మాట రాస్తే సరిపోతుందా, ఈ పేర్లన్నీ రాయాలా? ఎంత దాటితే రాయాలి?

కాంపౌండ్ మానేసి పూర్తిగా ఎసెన్షియల్ నూనెలకు మారితే అలర్జీ తగ్గుతుందా? కొనేవాళ్లు "నేచురల్ అయితే ఏం కాదు కదా" అనే అడుగుతున్నారు.

మోచేతి మడతలో ఒక రోజు రాసి చూసి ఏమీ రాకపోతే సరుకు మంచిదేనని చెప్పవచ్చా?

సెంటు వల్ల ముఖం మీద నల్లమచ్చలు వస్తాయంటారు. వాటికీ మంగుకీ తేడా ఎలా తెలుస్తుంది?

ఫార్ములా_పుస్తకం

మీ మొదటి రెండు ప్రశ్నలు నేను తీసుకుంటాను. మూడు, నాలుగు చర్మవైద్యం తెలిసినవాళ్లు చెప్తే బాగుంటుంది.

ముందు గీత ఎక్కడుందో చూద్దాం. యూరప్‌లో 2005 నుంచి ఒక నియమం ఉంది. 26 వాసన పదార్థాల్లో ఏదైనా, ఒంటి మీద ఉండిపోయే సరుకులో 0.001 శాతం, కడిగేసే సరుకులో 0.01 శాతం దాటితే దాని పేరు విడిగా రాయాలి. 2023లో ఆ జాబితా 80 దాటింది. కొత్తగా మార్కెట్లోకి వచ్చే సరుకుకి 2026 జూలై 31 నుంచి, అప్పటికే అమ్ముతున్న వాటికి 2028 జూలై 31 నుంచి ఆ పెద్ద జాబితా వర్తిస్తుంది. మన 2020 కాస్మెటిక్స్ రూల్స్ ప్రకారం 1 శాతం దాటిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకి, మిగతావి ఏ వరుసలోనైనా రాయాలి. ఏ పదార్థం ఎంత వాడవచ్చో, దేన్ని అసలు వాడకూడదో ఐఎస్ 4707 అనే భారతీయ ప్రమాణం రెండో భాగంలో ఉంటుంది. లైసెన్సు ఫైలుతో పాటు అది కూడా దగ్గర పెట్టుకోండి. ఎక్కడ అమ్మినా సరే, పేర్లు యూరప్ గీత ప్రకారం రాయమనే నా సలహా. అలర్జీ ఉన్న మనిషికి "పర్ఫ్యూమ్" అనే మాట ఏమీ చెప్పదు. "జెరేనియోల్" అని కనిపిస్తే సీసా తిరిగి షెల్ఫ్‌లో పెట్టేస్తారు, అంతటితో ఆ గొడవ తప్పుతుంది.

ఇప్పుడు మీ లోషన్. కిలోలో 8 గ్రాములంటే కాంపౌండ్ 0.8 శాతం. అందులో 12 శాతం లినాలూల్, అంటే లోషన్‌లో 0.096 శాతం. లావెండర్ నూనె 0.2 శాతం, దానిలో లినాలూల్ సుమారు 30 శాతం అనుకుంటే మరో 0.06. రెండూ కలిపి 0.156 శాతం, అంటే 1,560 పీపీఎం (పది లక్షల్లో 1,560 వంతులు). గీత 10 పీపీఎం. చాలామంది పొరపడేది ఇక్కడే: కాంపౌండ్ పత్రం ఒక్కటే చూసి, విడిగా పోసిన నూనెలో ఉన్న అదే పదార్థాన్ని కలపడం మర్చిపోతారు. సిట్రోనెల్లోల్ 720 పీపీఎం, జెరేనియోల్ 400. యూజెనాల్ 0.4 శాతమే కదా అని వదలకండి, లోషన్‌లో అది 32 పీపీఎం, రాయాల్సిందే. కౌమరిన్ 8 పీపీఎం, అది గీత లోపలే ఉంది. అయితే కాంపౌండ్‌ను 10 గ్రాములకు పెంచిన రోజున అది కూడా సరిగ్గా గీత మీదికి వస్తుంది. లావెండర్ నూనెకి కూడా పత్రం అడగండి, దానిలోని కౌమరిన్, జెరేనియోల్ కూడా ఈ మొత్తాల్లో కలుస్తాయి.

ప్రతిసారీ ఇంత లెక్క వద్దనుకుంటే తిరగేసి చూడండి: గీతను మోతాదుతో భాగించండి. 0.8 శాతం మోతాదుకి కాంపౌండ్‌లో 0.125 శాతం దాటిన ప్రతి పేరూ లేబుల్ ఎక్కాలి. 2 శాతం వాసన వేసే సబ్బుకి, అది కడిగేసే సరుకు కాబట్టి, అదే గీత 0.5 శాతం. నూనెలు రెండు మూడు కలిస్తే మాత్రం మొత్తం లెక్కే వేయాలి.

పేర్లు రాసేటప్పుడు చివరి అక్షరం చూసుకోండి. సిట్రోనెల్లోల్ వేరు, సిట్రోనెల్లాల్ వేరు. ప్రింటింగ్ ప్రెస్‌లో మార్చేస్తే ఒక పదార్థం స్థానంలో ఇంకోటి అచ్చవుతుంది.

సరఫరాదారు నుంచి రెండు కాగితాలు అడగండి. ఒకటి మీ దగ్గరున్న అలర్జెన్ పత్రం. రెండోది ఇఫ్రా (అంతర్జాతీయ సువాసన పరిశ్రమ సంఘం) సర్టిఫికెట్. ఒకే కాంపౌండ్‌కి చంకలో రాసేదైతే ఒక గరిష్ఠ మోతాదు, అది 2వ వర్గం. బాడీ లోషన్‌కి 5ఎ, ముఖం క్రీముకి 5బి, పసిపిల్లల సరుకుకి 5డి, సబ్బుకి 9. మీ లోషన్‌నే ముఖానికి కూడా రాసుకోవచ్చని డబ్బా మీద రాశారంటే 5బి మోతాదు చూసుకోవాలి. ఆ మోతాదు లోపల ఉంటే కొత్తగా అలర్జీ పుట్టే అవకాశం తగ్గుతుంది. ఇప్పటికే అలర్జీ ఉన్నవాళ్లకు అది రక్షణ కాదు, వాళ్లకు లేబులే రక్షణ.

పాత స్టాకు కాంపౌండ్లలో నాలుగు పేర్లు వెతకండి. లైరల్, ఓక్‌మాస్ నుంచి వచ్చే ఆట్రనాల్, క్లోరోఆట్రనాల్‌లను అలర్జీ కారణంగా యూరప్ నిషేధించింది, 2021 ఆగస్టు తర్వాత అక్కడ అమ్మకానికి లేవు. లిలియల్‌ను 2022 మార్చి నుంచి తీసేశారు, అది సంతాన సామర్థ్యానికి హాని అనే కారణంతో. పత్రంలో ఇవి కనిపిస్తే ఆ ఫార్ములా పాతదని అర్థం, కొత్తది అడగండి.

ఇక ఎసెన్షియల్ నూనెల సంగతి. అలర్జీ పరంగా ఆ మార్పు వల్ల లాభం లేదు, చాలాసార్లు నష్టమే. చర్మం అణువునే గుర్తుపడుతుంది, అది పువ్వులోంచి వచ్చిందా ఫ్యాక్టరీలోంచి వచ్చిందా అన్నది దానికి పట్టదు. లవంగ నూనెలో 75 నుంచి 85 శాతం యూజెనాలే. నిమ్మగడ్డి నూనెలో సుమారు 75 శాతం సిట్రల్. దాల్చినచెక్క పట్ట నూనెలో ఎక్కువ భాగం సిన్నమాల్, వాసన పదార్థాల్లో బలమైన అలర్జెన్లలో అదొకటి. కిలో లోషన్‌లో ఒక్క గ్రాము నిమ్మగడ్డి నూనె వేస్తే సిట్రల్ 750 పీపీఎం, గీతకి 75 రెట్లు. కాంపౌండ్‌లోనైతే ఏ పదార్థం ఎంతో తయారుచేసినవాళ్లు తగ్గించగలరు. నూనెలో పంట, ఊరు, కోత కాలాన్ని బట్టి శాతం మారిపోతుంది, ప్రతి లాటుకీ కొత్త పత్రం కావాలి.

అన్నిటికన్నా పట్టించుకోవాల్సింది నిల్వ. లినాలూల్, లిమోనీన్ తాజాగా ఉన్నప్పుడు బలహీనమైన అలర్జెన్లు. గాలి తగిలి హైడ్రోపెరాక్సైడ్లుగా మారాక అసలు సమస్య. సగం ఖాళీ అయిన నారింజ నూనె సీసా మే నెలలో రేకుల షెడ్డులో ఉందంటే లోపల ఆ పని జరుగుతున్నట్టే. కాబట్టి పెద్ద డబ్బా కొని నెలల తరబడి వాడకండి. గోధుమరంగు గాజు సీసాల్లో మెడ దాకా నింపి, మూత బిగించి, ఫ్రిజ్‌లో పెట్టండి. తెరిచిన తేదీ రాయండి. సీసా తెరిచిన రోజే 0.1 శాతం టోకోఫెరాల్ (విటమిన్ ఇ) కలిపితే ఆ మార్పు నెమ్మదిస్తుంది, పూర్తిగా ఆగదు. ఇప్పటికే పాడైన నూనెను అది బాగుచేయదు కూడా. ఈ పదార్థాలు ఎక్కువగా ఉన్న నూనెలో పెరాక్సైడ్ లీటరుకు 20 మిల్లీమోల్ మించకూడదని ఇఫ్రా చెప్తుంది, ల్యాబ్‌కి పంపితే చేసిస్తారు. వార్నిష్ లాంటి ఘాటు, చిక్కదనం వచ్చిన నూనెకి ల్యాబ్ కూడా అక్కర్లేదు, పారబోయండి.

చర్మం_ఓపీ

పైన చెప్పిన లెక్కతో ఏకీభవిస్తాను. మూడో ప్రశ్నకి సూటిగా: చెప్పకూడదు.

ఇది చర్మానికి తగిలి వచ్చే అలర్జీ, ఆలస్యంగా బయటపడుతుంది. చిన్న అణువు చర్మంలోకి దిగి అక్కడి ప్రొటీన్‌కి అంటుకుంటుంది. రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణాలు దాన్ని పరాయిదిగా నేర్చుకోవడానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. కొందరికి ఏళ్ల వాడకం తర్వాతగానీ ఆ నేర్పు రాదు. ఒకసారి నేర్చుకున్నాక ఎప్పుడు తగిలినా ఒకటి నుంచి మూడు రోజుల్లో దురద, ఎరుపు, చిన్న నీటి పొక్కులు. ఆ జ్ఞాపకం సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అందుకే "ఇన్నేళ్లుగా ఇదే వాడుతున్నా, దీనివల్ల కాదు" అనే వాదన నిలవదు. ఒక రోజు మోచేతి పరీక్షలో మంట పుట్టించే సరుకు దొరుకుతుంది, లేదా అప్పటికే తీవ్రమైన అలర్జీ ఉన్న మనిషి దొరుకుతారు. కొత్తగా అలర్జీ పుట్టిస్తుందా లేదా అన్నది ఆ పరీక్షకి అందదు.

సరుకుని పరీక్షించే పద్ధతి వేరు. ల్యాబుల్లో ఒకే చోట మూడు వారాల్లో తొమ్మిదిసార్లు పట్టీ వేసి, రెండు వారాలు విరామమిచ్చి, కొత్త చోట మళ్లీ వేసి చూస్తారు. ఇంటిల్లిపాదికీ రాసి చూడటం దానికి సాటి రాదు.

వాడే మనిషి తనకు పడుతుందో లేదో చూసుకోవాలంటే మాత్రం మంచి దారి ఉంది. మోచేతి మడతకి కాస్త కింద, ముంజేతి లోపలి వైపు 5 సెంటీమీటర్ల చదరంలో, రోజుకి రెండుసార్లు, రెండు వారాలు అదే చోట రాయాలి. దురద, గట్టిదనం, గింజలు వస్తే వెంటనే ఆపాలి. చాలామంది నాలుగు రోజులకే మానేస్తారు, అలర్జీ అప్పుడప్పుడు రెండో వారంలోగానీ తేలదు. ఇది లోషన్, క్రీములకు మాత్రమే. సబ్బు, షాంపూ, ఫేస్‌వాష్ నేరుగా రాసి వదిలేస్తే ఎవరికైనా చర్మం మండుతుంది, దాన్ని అలర్జీ అనుకోవడం పొరపాటు.

నిర్ధారణకి పనికొచ్చేది వీపు మీద చేసే ప్యాచ్ టెస్ట్. ఇక్కడ హైదరాబాద్‌లో తరచూ డబ్బు వృథా అయ్యేది "అలర్జీ ప్యానెల్" పేరుతో చేసే రక్తపరీక్ష మీద. అది ఐజీఈ అనే యాంటీబాడీని కొలుస్తుంది: దుమ్ము, పుప్పొడి, ఆహారం లాంటి తక్షణ అలర్జీల కోసం. సెంటు అలర్జీ ఐజీఈ ద్వారా రాదు. ఆ కాగితంలో అన్నీ నెగెటివ్ వచ్చినా సెంటు అలర్జీ ఉండవచ్చు.

ప్యాచ్ టెస్ట్‌లో చిన్న గిన్నెల్లాంటి పట్టీలను పైవీపుకి అంటిస్తారు. 48 గంటలు నీళ్లు తగలకూడదు, చెమట పట్టే పని చేయకూడదు. తీసిన రోజు ఒకసారి, నాలుగో రోజు మరోసారి చూస్తారు. ఏడో రోజు కూడా చూస్తే కొన్ని ఆలస్యపు ఫలితాలు దొరుకుతాయి. రెండో రోజుతో ముగించేస్తే సగం పనే. మన ఎండాకాలంలో పట్టీ ఊడిపోతుంది, చెమట గింజలు ఫలితాన్ని చెడగొడతాయి, వీలుంటే నవంబర్ నుంచి ఫిబ్రవరి మధ్య చేయించుకోండి. వీపు మీద స్టెరాయిడ్ పూత వారం ముందే ఆపాలి. స్టెరాయిడ్ మాత్రలు వాడుతుంటే డాక్టరుకు ముందే చెప్పాలి, సొంతంగా ఆపకూడదు. ఉస్మానియా, గాంధీ ఆస్పత్రుల చర్మవిభాగాల్లో గానీ, మీ చర్మవైద్యుల దగ్గర గానీ "ఇండియన్ స్టాండర్డ్ సిరీస్ (ప్యాచ్ టెస్ట్‌లో వేసే అలర్జెన్ల ప్రామాణిక జాబితా) వేస్తారా, నాలుగో రోజు రీడింగ్ ఉంటుందా" అని ఈ రెండే అడగండి.

ఒక మెలిక ఉంది, మీ లోషన్‌కి సరిగ్గా అదే వర్తిస్తుంది. పరీక్షలో వాసనల కోసం రెండు మిశ్రమాలు వాడతారు. మొదటి దానిలో ఎనిమిది: సిన్నమాల్, సిన్నమిల్ ఆల్కహాల్, యూజెనాల్, ఐసోయూజెనాల్, జెరేనియోల్, హైడ్రాక్సీసిట్రోనెల్లాల్, అమైల్ సిన్నమాల్, ఓక్‌మాస్. రెండో దానిలో ఆరు: సిట్రల్, సిట్రోనెల్లోల్, కౌమరిన్, ఫార్నెసోల్, హెక్సిల్ సిన్నమాల్, లైరల్. మీ లోషన్‌లో అన్నిటికన్నా ఎక్కువున్న లినాలూల్ రెండిట్లోనూ లేదు. గాలి తగిలిన లినాలూల్, లిమోనీన్‌లను విడిగా వేస్తేనే తెలుస్తుంది. కాబట్టి "రెండు మిశ్రమాలూ నెగెటివ్, సెంటు అలర్జీ లేదు" అనే ముగింపు తొందరపాటు. కొన్న సీసాను, లేబుల్‌తో సహా, డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లమని కొనేవాళ్లకి చెప్పండి. మీ లోషన్‌ను ఉన్నదున్నట్టే పట్టీలో వేసి చూడవచ్చు.

దద్దురు ఎక్కడుందన్నది కూడా చాలా చెప్తుంది. మెడ పక్కన, చెవుల వెనక ఉంటే సెంటు, అత్తరు. కనురెప్పలు వాస్తే రెప్పకి రాసినదే కారణమనుకోకండి, చేతులకీ జుట్టుకీ రాసినది అక్కడికి చేరుతుంది, అగరబత్తి పొగ, రూమ్ ఫ్రెషనర్ కూడా చేరతాయి. చంక నడి గుంటలో ఉంటే డియోడరెంట్‌ను అనుమానించాలి. గుంటను వదిలి అంచుల చుట్టూ ఉంటే బట్ట రంగుని. పెదవుల చుట్టూ ఉంటే టూత్‌పేస్ట్‌లోని దాల్చిన, పుదీనా రుచులు.

ఇక నల్లమచ్చలు. మన చర్మపు రంగులో ఇది తరచూ తప్పిపోయే విషయం, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. కొన్ని వాసనలు, రంగులు తక్కువ మోతాదులో రోజూ తగిలితే దురదా ఎరుపూ లేకుండానే నేరుగా రంగు మారుతుంది. 1970లలో జపాన్‌లో ఇలాంటి కేసులు పెద్దయెత్తున బయటపడ్డాయి. మల్లె సారం, య్లాంగ్-య్లాంగ్, కనంగా నూనె, బెంజైల్ శాలిసిలేట్‌తో పాటు ఒక ఎర్ర రంగు, దానిలో మలినంగా ఉన్న సుడాన్-1 కారణాలుగా తేలాయి. మన దగ్గర ఇదే తరహా మచ్చ కుంకుమ పెట్టుకునే చోట, పాపిట్లో కనిపిస్తుంది: పసుపు, సున్నంతో చేసిన కుంకుమ కాకుండా రసాయన రంగు, సెంటు కలిపినది వాడినప్పుడు. బొట్టుబిళ్ల జిగురు వల్ల తెల్లమచ్చ రావడం వేరే సంగతి, రెండిటినీ కలపకండి.

మంగు సాధారణంగా రెండు బుగ్గల మీదా, ముక్కు మీదా, పై పెదవి మీదా సమానంగా, గోధుమరంగులో ఉంటుంది. ఎండ, గర్భం, హార్మోన్లు దానికి ఊతం. అలర్జీ వల్ల వచ్చే మచ్చ బూడిద-నీలం ఛాయలో, వల అల్లినట్టు, నుదురు, కణతలు, ముఖం పక్కలు, మెడ మీద పరుచుకుంటుంది. మంగు అనుకుని మందులషాపులో స్టెరాయిడ్ కలిసిన తెల్లదనపు క్రీము అడిగి రాస్తే కొన్ని వారాలు తేలికపడినట్టు కనిపిస్తుంది. అలర్జీ లోపల సాగుతూనే ఉంటుంది, చర్మం పలచబడుతుంది, మానిన రోజున ముఖం భగ్గుమంటుంది. కారణం దొరికి ఆపేసినా రంగు తగ్గడానికి నెలలు పడుతుంది, ఎందుకంటే అది పైపొర నుంచి కింది పొరలోకి జారిపోయి ఉంటుంది.

పత్తర్‌గట్టీ_పన్నీరు

అక్కా, అత్తరు రోల్-ఆన్ ముచ్చట ఎవ్వరూ చెప్పలే, గందుకే రాస్తున్న.

లోషన్‌ల వాసన ఒక్క శాతమే. అత్తరు అట్ల కాదు, సీసా మొత్తం వాసన నూనెనే, లేకుంటే దాన్ని పలచన చేసిన ద్రవం. చందనం నూనె మీద దించిన అత్తరు ఇప్పుడు చాన తక్కువ. చవక సీసాలల్ల డీఈపీ (డైఇథైల్ థాలేట్), లిక్విడ్ పారఫిన్ ఉంటయి. అవి పలచన చేసేటివే, అలర్జీ చేసేది మీదికెళ్లి కలిపిన కాంపౌండ్. పైన అన్న చెప్పిన 10 పీపీఎం గీత అత్తరుకి పెడితే పత్రంల ఉన్న పేర్లన్నీ లేబుల్ మీదికి వస్తయి. 10 మిల్లీలీటర్ల సీసా మీద జాగ ఉండదు, డబ్బా మీద గానీ లోపల చీటీ మీద గానీ అచ్చేయించుండ్రి.

హీనా, శమామా దించేటోళ్లు చరీలా ఏస్తరు. అదే మనం పోట్లీ మసాలాల ఏసే పత్తర్ కా ఫూల్, రాతిపువ్వు. ఓక్‌మాస్ కూడా ఆ జాతిదే, రెండూ లైకెన్లే. ఓక్‌మాస్ పడనోళ్లకి శమామా అమ్మేటప్పుడు చెప్పుండ్రి.

రోల్-ఆన్ గుండు ఒక్క తాన మళ్ల మళ్ల రుద్దుతది, చదరపు సెంటీమీటరుకి ఎంత పడ్డదన్నదే అలర్జీకి లెక్క. గడ్డం గీసిన మెడ మీద, వాక్సింగ్ చేసిన చంకల అస్సలు పెట్టొద్దని చీటీల రాయుండ్రి. బట్ట మీద పెట్టుకునుడు మేలు, గని కాలర్ లోపల కాదు, బయటి పక్క. చెవిల దూది పెట్టుకునే అలవాటున్నోళ్లకి చెవి లోపలి చర్మం పుండైతది, దాన్ని చెవిపోటు అనుకుంటరు.

సబ్బుల_గది (కూకట్‌పల్లి)

ముగ్గురికీ ధన్యవాదాలు. లెక్కలు మళ్లీ వేస్తున్నాను. సున్నిపిండి గురించి ఒక్క మాట: పెసలు, శనగలు, కచ్చూరాలు, బావంచాలు, ఎండిన నారింజ తొక్క, గులాబీ రేకులు పడతాయి. విడిగా సెంటు వేయం. దీనికి "సువాసన కలపలేదు" అని రాయవచ్చా? పసిపిల్లల కోసం అడిగేవాళ్లు ఎక్కువ.

ఫార్ములా_పుస్తకం

బావంచాలు తీసేయండి. వాటిలో సోరలెన్ ఉంటుంది, బొల్లి చికిత్సలో అతినీలలోహిత కాంతితో కలిపి వాడే పదార్థం అదే. చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టు బొబ్బలు, తర్వాత నల్ల చారలు. ఇది అలర్జీ కాదు, ఎవరికైనా రావచ్చు. పిండి పట్టించి బిడ్డను ఎండలో కూర్చోబెట్టే ఇళ్లున్నాయి కాబట్టి పసిపిల్లల రకంలో అది అసలు ఉండకూడదు. బెర్గమాట్ నూనెలోనూ ఇదే కుటుంబపు పదార్థం ఉంది. ఒంటి మీద ఉండిపోయే సరుకులో ఆ నూనెకి ఇఫ్రా గీత 0.4 శాతం.

నారింజ తొక్కలో లిమోనీన్, గులాబీ రేకుల్లో కొద్దిగా జెరేనియోల్, సిట్రోనెల్లోల్ ఉంటాయి. కాబట్టి "సువాసన కలపలేదు" అన్న మాట వద్దు. మొక్కల పేర్లన్నీ తెలుగులోనూ, శాస్త్రీయ నామంతోనూ రాయండి. పసిపిల్లల రకాన్ని పెసలు, శనగలతో ఆపేయండి.

లోషన్‌కి వాసన లేని రకం తీస్తే ఆ మాట కూడా జాగ్రత్త. "వాసన రాదు" అనే సరుకులో ముడిసరుకు వాసన కప్పడానికి కాస్త సెంటు వేసి ఉండవచ్చు. "సెంటు లేదు" అనాలంటే ఆ కప్పే సెంటు కూడా ఉండకూడదు. నిల్వమందుగా బెంజైల్ ఆల్కహాల్ వాడుతుంటే అదీ ఆ 26 పేర్లలో ఒకటే. ఆ రకానికి వేరే నిల్వమందు చూసుకోండి, మిథైల్ ఐసోథయాజోలినోన్ మాత్రం వద్దు. ఒంటి మీద ఉండిపోయే సరుకులో దాన్ని యూరప్ 2017లోనే అలర్జీ కారణంగా ఆపేసింది.

ప్రతి బ్యాచ్ నుంచి రెండు సీసాలు పక్కన పెట్టండి, గడువు తేదీ దాకా. కాంపౌండ్ లాటు నంబరు, నూనె సీసా తెరిచిన తేదీ బ్యాచ్ కాగితంలో ఉండాలి. ఎవరైనా దద్దురని ఫోన్ చేస్తే బ్యాచ్ నంబరు అడిగి, అలర్జెన్ పత్రం ఫోటో వాళ్ల డాక్టరుకు పంపండి.